ఎండాకాలంలో పెరటి మొక్కలకు ఏ నీళ్ళు పోద్దాం?



2024 ఏప్రిల్ నెలలో ఒక ఉదయం మన ఆసుపత్రి ఆవరణలో జరిగిన చిన్న సంగతి ముందుగా చెబుతాం. ఓ.పి. గదుల ముందున్న పచ్చిక మీద, క్రోటన్ మొక్కల మీద మన తోటమాలి ఎప్పటిలాగే పైపుతో నీళ్ళు పడుతున్నాడు. అవనిగడ్డ వైపు నుంచి కోడలిని కాన్పుకు తీసుకొచ్చిన ఒక పెద్దావిడ ఖాళీ సీసా పట్టుకుని కాసేపు నిలబడి చూసింది. తర్వాత దగ్గరకు వెళ్ళి, "బాబూ, ఆ పైపు ఒక్కసారి ఇటు పట్టు, సీసా నింపుకుంటా" అంది.

"ఇవి బోరు నీళ్ళు మామ్మగారూ, తాగకూడదు. మంచినీళ్ళ కొళాయి లోపల ఉంది" అన్నాడు అతను.

"మా ఊళ్ళో కాలవ కట్టేసి నెల దాటింది. చెరువులో అడుగు కనపడతంది. బోరు కొడితే ఉప్పునీళ్ళు. ఇక్కడేమో గడ్డిక్కూడా పోస్తన్నారు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఫిర్యాదు చేయలేదు, కోపంగానూ అనలేదు. కానీ ఆ మాట విన్న సిస్టర్ ఒకామె మధ్యాహ్నం భోజనాల దగ్గర దాన్ని మళ్ళీ చెప్పింది. ఎవరికీ ఏమీ తోచలేదు. మర్నాడు మేము ఆ పైపును 15 లీటర్ల బకెట్‌లో పెట్టి గడియారం చూశాం. 50 సెకన్లలో బకెట్ నిండింది. తోటమాలి రోజూ 40 నిమిషాలు పైపు పడతాడు. అంటే రోజుకు 700 లీటర్లకు పైనే! పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని జల జీవన్ మిషన్ లెక్క. ఆ లెక్కన పన్నెండు మందికి పైగా మనుషుల ఒక రోజు నీళ్ళు మన గడ్డి తాగేస్తోంది. ఇన్నేళ్ళుగా నీళ్ళు కాచుకుని తాగండి, చేతులు కడుక్కోండి అని మీకు చెబుతూ వచ్చిన మేము ఈ లెక్క ఎన్నడూ వేసుకోలేదు. అందుకే ఈ సంచికలో ముందుగా మా తప్పు ఒప్పుకుని, తర్వాత మేము నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ఏటి పక్కన ఉన్నవాళ్ళకు కరువా?

కృష్ణ ఒడ్డున ఉన్న మనకు కరువేమిటి అని చాలామంది అనుకుంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలు నీట మునిగాయి. ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. సింగ్‌నగర్‌లో మేడల మీద కూర్చుని తాగునీటి పొట్లాల కోసం ఎదురుచూసిన కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో పైన చెప్పిన మామ్మగారు ఖాళీ సీసాతో నిలబడింది. రెండింటి మధ్య అయిదు నెలలు కూడా లేవు.

మన డెల్టా అసలు కరువులోంచే పుట్టింది. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును పెద్దలు డొక్కల కరువు అని చెప్పుకునేవారు. ఆ తర్వాతనే 1850లలో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగిపోతే దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. దాని కింద ఇప్పుడు సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. అయితే బ్యారేజి దగ్గర నిలవ ఉండే నీరు 12 అడుగుల మట్టానికి మూడు టి.ఎం.సి.లకు కాస్త ఎక్కువ, అంతే. మిగిలినదంతా పైనుంచి రావాలి. నాగార్జునసాగర్ నిండాలి, పులిచింతలలో ఉండాలి, 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్ళు కూడా తోడు కావాలి. పైన వాన లేకపోతే బందరు కాలువకూ ఏలూరు కాలువకూ రైవస్ కాలువకూ వదిలేందుకు నీరుండదు.

2002 జూలైలో దేశమంతటా కురవవలసిన వానలో సగమే కురిసింది. 2023 ఆగస్టు 1901 నుంచి చూసుకుంటే అన్నిటికంటే పొడి ఆగస్టు. ఆ ఆగస్టు దెబ్బే మరుసటి ఎండాకాలంలో మన కాలువల్లో కనబడింది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు ఎలాగూ కట్టేస్తారు. అప్పుడు ఊరి చెరువు నిండి ఉంటే సరే, లేకపోతే ట్యాంకరు కోసం బిందెల వరసే.

విజయవాడలోనూ అందరికీ ఒకలా ఉండదు. గుణదల, మొగల్రాజపురం కొండల మీద ఉండే కుటుంబాలు బిందె చంకనెత్తుకుని మెట్లెక్కడం మనకు కొత్త కాదు. కింద వీధుల్లో కొళాయికి పైపు తగిలించి మొక్కలు తడిపే ప్రతి ఇల్లూ పైవాళ్ళకు అందే ఒత్తిడిని తగ్గిస్తుంది. కొందరు నేరుగా కార్పొరేషన్ లైనుకే మోటారు బిగిస్తారు. అది చట్టవిరుద్ధం. అంతకంటే ముఖ్యంగా, మోటారు లాగేటప్పుడు పైపు పగుళ్ళలోంచి పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలతో మా దగ్గరకు వచ్చే పిల్లలు మోటారు పెట్టిన ఇంటి వాళ్ళే కానక్కరలేదు, ఆ వీధిలో ఎవరైనా కావచ్చు.

అలాగని మొక్కలు చంపుకోవాలా?

వద్దు. పెరట్లో ఒక మునగ చెట్టు, నాలుగు గోంగూర మొక్కలు, ఒక కరివేపాకు ఉన్న ఇల్లు మాకు ఎంతో ఇష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన గర్భిణుల ఓ.పి.లో కూర్చుంటే ఆ మాట నిజమని కళ్ళతోనే తెలుస్తుంది. కరువులో బజారు కూరల ధర పెరుగుతుంది, ఆకుకూర పళ్ళెంలోంచి మాయమవుతుంది. అలాంటప్పుడు పెరట్లో కోసిన గుప్పెడు మునగాకు చిన్న విషయం కాదు. ఐరన్ మాత్రలకు అది బదులు కాదు. మాత్రలు మానవద్దు.

మేము చెప్పేది ఒకటే. తాగడానికి, వండుకోవడానికి పనికొచ్చే నీటిని కరువు రోజుల్లో మొక్కలకు పోయవద్దు. ఇంట్లో ఒకసారి వాడిన నీళ్ళే మొక్కల వంతు.

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరం ఈ పనిని చట్టం పెట్టి చేసింది. మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు, నగరపాలిక నీళ్ళు తోటలకు పోయకూడదన్నారు. జనం స్నానాల గదిలో బకెట్ పెట్టుకుని నిలబడి, ఆ నీళ్ళే మొక్కలకు మోసుకెళ్ళారు. అంత దూరం ఎందుకు, 2019లో మన పక్కనే ఉన్న చెన్నైలో చెరువులు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెచ్చారు. అక్కడ మన బంధువులు లేని వీధి ఉండదు. వాళ్ళను అడిగితే కథలు కథలుగా చెబుతారు.

ఏ నీళ్ళు పనికొస్తాయి, ఏవి పనికిరావు

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు అన్నిటికంటే మంచివి. మన అమ్మమ్మలు వీటిని కుడితి తొట్టిలో పోసేవారు. ఇప్పుడు గేదె లేని ఇళ్ళే ఎక్కువ కాబట్టి సింకులోకి పోతున్నాయి. సింకు పక్కన ఒక చిన్న బకెట్ పెట్టుకుంటే చాలు. నలుగురున్న ఇంట్లో కుండీలన్నిటికీ ఇవే సరిపోతాయి. ఉప్పు వేసి ఉడికించిన నీళ్ళు మాత్రం పోయకండి.

బట్టలు ఉతికిన నీళ్ళ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. సబ్బు పొడి కలిపిన మొదటి నీళ్ళలో సోడియం ఉప్పులు ఎక్కువ. మన నల్లరేగడి నేలలో అవి పదేపదే పడితే మట్టి బిగుసుకుపోయి, పైన పెచ్చు కట్టి, నీరు లోపలికి ఇంకదు. రెండోసారి, మూడోసారి జాడించిన నీళ్ళలో ఆ బాధ తక్కువ. వాటిని కొబ్బరి, అరటి, మామిడి, పూల మొక్కల పాదుల్లో పోయవచ్చు. కాపు మీదున్న కొబ్బరి చెట్టుకు వేసవిలో నాలుగు రోజులకొకసారి 200 లీటర్ల నీరు కావాలని కొబ్బరి పరిశోధనా కేంద్రం వారు చెబుతారు. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, అయిదుగురున్న ఇంట్లో రోజూ బట్టలు జాడించగా వచ్చేవి 50 లీటర్ల దాకా ఉంటాయి. నాలుగు రోజులకు లెక్క సరిగ్గా సరిపోయింది! ఆ నీళ్ళు చెట్టు మొదలుకు ఆనించి పోయకూడదు. పీల్చే వేళ్ళు చుట్టూ అయిదారు అడుగుల దాకా ఉంటాయి, పాదు అంత వెడల్పున ఉండాలి.

స్నానం నీళ్ళు కూడా చెట్లకు పనికొస్తాయి. ఆకుకూరలకు, పచ్చిగా తినే టమాటా, దోస, కొత్తిమీర, పుదీనాలకు మాత్రం వద్దు. సబ్బు నీరు ఏదైనా సరే ఆకుల మీద చల్లకుండా మొదట్లో నేల మీద పోయండి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే వాడేయండి. ఒక రోజు దాటితే వాసన కొడతాయి, సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ఏ.సి. నుంచి కారే నీళ్ళలో లవణాలు ఉండవు కాబట్టి మొక్కలకు భేషుగ్గా పనికొస్తాయి. తాగడానికి మాత్రం కాదు. మన ఉక్కపోతలో ఒక ఏ.సి. రాత్రంతా నడిస్తే సగం బకెట్ దాకా వస్తాయి. ఇంట్లో ఆర్.ఓ. ఫిల్టరు ఉన్నవారు గమనించగలరు: అది ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటకు వదిలేస్తుంది. ఆ నీళ్ళతో గచ్చు కడగవచ్చు, గిన్నెలు తొలి విడత తోమవచ్చు. మీ ఇంటికి వచ్చేది కృష్ణ నీరయితే మొక్కలకూ పోయవచ్చు. బోరు ఉప్పదయితే మాత్రం వద్దు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువవుతుంది.

ఇక పనికిరాని నీళ్ళు. మురుగు కాలవ నీళ్ళు ఎంత ఎండలోనైనా కూరపాదులకు తోడవద్దు. ఏలికపాములు, టైఫాయిడ్, కామెర్లు ఆ దారినే పళ్ళెంలోకి వస్తాయి. పసిపిల్లల విరేచనాల గుడ్డలు ఉతికినవి, పుండ్లు కడిగినవి, ఫినాయిల్, డెట్టాల్, బ్లీచింగ్ కలిపినవి మరుగుదొడ్డిలోకే పోవాలి. ఈ విషయంలో మేమే ఒక మెట్టు జారబోయాం. పైపు ఆపేశాక మా లాండ్రీలో వేల లీటర్ల నీళ్ళు ఉన్నాయి కదా, పచ్చికకు మళ్ళిద్దాం అని ఒకరు ఉత్సాహంగా అన్నారు. ఇన్‌ఫెక్షన్లు చూసే సిస్టర్ లేచి నిలబడి, "ఆపరేషన్ థియేటర్ దుప్పట్లు ఉతికిన నీళ్ళు పిల్లలు ఆడుకునే గడ్డి మీద పోస్తారా?" అని అడిగింది. ఆ ఆలోచన అక్కడితో ముగిసింది.

ఇంకొక మనవి. చాలామంది మా దగ్గరకు వచ్చి వాడేసిన సెలైన్ సీసాలు ఇవ్వమని అడుగుతున్నారు, మొక్కలకు బొట్టు బొట్టుగా నీళ్ళు పెట్టుకోవడానికి. ఉపాయం మంచిదే, ఇవ్వలేకపోతున్నందుకు మన్నించాలి. వాడిన సీసా, గొట్టం, సూది అన్నీ 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల కింద వేరుగా పంపవలసినవి. బదులుగా ఒక లీటరు మంచినీళ్ళ సీసా మూతకు సూదితో రెండు చిల్లులు పెట్టి, అడుగు కోసి, తలకిందులుగా మొక్క పక్కన పాతండి. పని అదే. ఇంకా మంచిది మట్టి కుండ. పూత లేని చిన్న కుండను మెడదాకా పాతి నీళ్ళు పోసి మూత పెడితే, నీరు గోడలోంచి నెమ్మదిగా ఊరి వేళ్ళకు చేరుతుంది. చైనాలో రెండు వేల ఏళ్ళ నాడే ఇలా చేసేవారట. మన కుమ్మరి వీధిలో ఇప్పటికీ దొరికే కుండ చాలు. మూత తప్పనిసరి, ఎందుకో కింద చెబుతాం.

ఎప్పుడు, ఎలా

తెల్లవారుజామున లేదా పొద్దు వాలాక పోయాలి. మిట్టమధ్యాహ్నం పోసిన నీటిలో చాలా భాగం ఆవిరి అవుతుంది. పైగా ఆ ఎండలో పెరట్లో వంగి నిలబడే పెద్దవారికి ప్రమాదం. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. బి.పి. మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ఉదయం 9 దాటితే మొక్కల పని పిల్లలకు అప్పగించండి.

రోజూ కాస్త కాస్త చల్లడం కంటే రెండు మూడు రోజులకొకసారి లోతుగా తడపడం మేలు. పైపైన తడిస్తే వేళ్ళు కూడా పైకే వచ్చి, ఒక్క రోజు నీరు అందకపోయినా మొక్క వాడిపోతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దూర్చి చూడండి. లోపల చెమ్మ తగిలితే ఆ రోజు నీళ్ళు అక్కరలేదు. మధ్యాహ్నం ఆకు వాలినంత మాత్రాన కంగారు పడవద్దు, సాయంత్రానికి లేస్తే అది దాహం కాదు, ఎండకు అలా చేసిందంతే.

పాదు మీద వరిగడ్డి, ఊక, ఎండుటాకులు, కొబ్బరి పీచు ఏది దొరికితే అది మూడు నాలుగు అంగుళాల మందాన కప్పండి. మన డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు కదా. మొక్క కాండానికి తగలకుండా కొంచెం ఎడం ఉంచాలి. గడ్డి కింద చల్లగా ఉంటుంది కాబట్టి తేళ్ళు, పాములు కూడా చేరతాయి. 2018 ఆగస్టులో దివిసీమలో వరుసగా పాముకాట్లు పడి ఆసుపత్రులు నిండిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కప్పిన గడ్డిని కర్రతో కదిపాకే చెయ్యి పెట్టండి, చీకట్లో చెప్పులు, టార్చి లేకుండా పాదుల దగ్గరకు వెళ్ళకండి. పాము కరిస్తే కట్లు, కోతలు, మంత్రాలు వద్దు. కాలు కదపకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకురండి.

ఉప్పునీటి ఊళ్ళ వారికి

నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, బందరు చుట్టుపక్కల నుంచి వచ్చే మీకు ఈ భాగం. అక్కడ నేల కింద తీపి నీరు పలచటి పొరగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మోటారు పెట్టి గంటల తరబడి తోడితే కింద ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. ఒకసారి లేచిన ఉప్పు మంచి వానాకాలం వస్తే గానీ దిగదు, ఒక్కోసారి అప్పుడూ దిగదు. మీ పెరటి మొక్కల కోసం రెండు గంటలు నడిపిన మోటారు, పక్కింటి వారి తాగునీటి చేతిపంపును పాడుచేయవచ్చు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది ఇలాంటి కారణాల వల్లనే.

సబ్బు నురగ రాకపోవడం, కుండీ అంచున తెల్లటి పొర కట్టడం, ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరగడం ఉప్పునీటి గుర్తులు. కొబ్బరి, సపోటా కొంత ఉప్పును ఓర్చుకుంటాయి. చిక్కుడు, బీన్స్ ఓర్చుకోలేవు. ఉప్పునీరే దిక్కయినప్పుడు ఆకుల మీద పడనివ్వకండి. ఆ నీటితో ఈ వేసవిలో కొత్త మొక్క ఏదీ నాటవద్దు, డబ్బు దండగ.

ఒక మల్లె పాదు కథ

ఈ వ్యాసం ఆరోగ్య పత్రికలో రావడానికి అసలు కారణం ఇది. అదే 2024 వేసవి చివర్లో ఎనిమిదేళ్ళ బాబును విపరీతమైన జ్వరంతో తీసుకొచ్చారు. పరీక్షలో డెంగీ తేలింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రెండు రోజులు అతని వాళ్ళమ్మ మంచం పక్క నుంచి కదలలేదు. మూడో రోజు నాయనమ్మకూ జ్వరం వచ్చింది. మా సిస్టర్లు ఇంటికి వెళ్ళి చూశారు. ఇల్లు అద్దంలా ఉంది. దోమలు ఎక్కడివి అని వాళ్ళకే అర్థం కాలేదు. పెరట్లో ఒక నీలం డ్రమ్ము, దాని మీద సగం మూత. ట్యాంకరు వచ్చినప్పుడు తాగునీరు పట్టుకున్నాక మిగిలినవి ఆ మామ్మగారు అందులో దాచేది. తాతగారు నాటిన మల్లె పాదు కోసం. వేసవిలో మల్లెపూలు లేకుండా ఎట్లా అని ఆవిడ బాధ. చెంబుతో ముంచుకుంటూ, డ్రమ్ము పూర్తిగా ఖాళీ కాకముందే మళ్ళీ నింపుకుంటూ వచ్చింది. టార్చి వేసి చూస్తే నీటిలో పురుగులు కుప్పలు. కుండీల కింద పళ్ళేల్లోనూ అవే.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నీటిలోనే పెరుగుతుంది. పగలు కుడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు చాలు. గుడ్లను నీటి అంచున పాత్ర గోడకు అంటిస్తుంది, నీరు ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే సరిపోదు, పీచుతో గోడలు రుద్దాలి. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చి, నెలల తరబడి కీళ్ళు పట్టేసిన సంగతి పెద్దవాళ్ళు మరచిపోలేదు. నీటి ఎద్దడి ఉన్నప్పుడు జనం డ్రమ్ములు, బిందెలు, తొట్లు నింపి పెట్టుకుంటారు. వాన లేని కాలంలో కూడా డెంగీ రావడానికి అదొక కారణం.

మొక్కల కోసం నీళ్ళు నిలవ ఉంచవద్దు. వాడిన నీరు వాడినట్టే పోసేయండి. తాగునీటి డ్రమ్ముకు పూర్తి మూత, లేదా పాత చీర రెండు మడతలు వేసి తాడుతో బిగించండి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖ వారు చెబుతున్నది వారం చక్రాన్ని విరగ్గొట్టడానికే. ఆ రోజు కుండీల కింది పళ్ళేలు, మనీప్లాంటు సీసాలు, ఫ్రిజ్ వెనక ట్రే, ఏ.సి. నీళ్ళ బకెట్ అన్నీ ఖాళీ చేసి రుద్ది ఆరబెట్టండి. కరువు రోజుల్లో పళ్ళేలే తీసేసి కుండీల కింద ఇసుక పోస్తే ఇంకా మంచిది.

బాబు కోలుకున్నాడు, మామ్మగారు కూడా. "నా పూల పిచ్చి వల్లే" అని ఆవిడ ఏడుస్తుంటే, పాదు పీకేయమని మేము చెప్పలేదు. బియ్యం కడుగు నీళ్ళు పొయ్యమన్నాం. మల్లెకు అవి చాలు.

ఏది బతకాలో ముందే తేల్చుకోండి

అన్నిటినీ కాపాడాలని చూస్తే ఏదీ నిలవదు. చెట్లు ముందు: కొబ్బరి, మామిడి, కరివేపాకు పోతే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. తర్వాత తినేవి. మునగ వేరు దిగితే వారానికి ఒకటి రెండు బకెట్లతో బతుకుతుంది. గోంగూర కూడా ఓర్పు గలదే. బచ్చలి, పుదీనా నీరు ఎక్కువ తాగుతాయి, ఒక్కో కుండీకి తగ్గించుకోండి. కుండీలన్నీ తెచ్చి తూర్పు వైపు నీడన ఒకదానికొకటి ఆనించి పెడితే తడి నిలుస్తుంది. క్రోటన్లు, పచ్చిక ఆఖరు.

వానలు పడ్డాక చేయవలసినది కూడా ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఏర్పాటు ముందుగా ఉండాలి. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 120 గజాల డాబా మీద అది లక్ష లీటర్లు. కొంత పోగా 80 వేలు. ఆ నీటిని గొట్టంతో ఇంకుడు గుంతలోకి దించితే మీ బోరుకే మేలు. రాళ్ళు, ఇసుకతో గుంత నింపాలి, నీరు పైకి నిలిచి కనబడకూడదు. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వించండి.

మన ఆసుపత్రి పచ్చిక మే నెలలో పూర్తిగా గోధుమరంగుకు తిరిగింది. చూసినవారు కొందరు బాధపడ్డారు, ఒకరిద్దరు ఆఫీసుకు వచ్చి అడిగారు కూడా. క్రోటన్లలో సగం పోయాయి. కొబ్బరి చెట్లు, వేప బతికాయి, వార్డుల ఏ.సి. నీళ్ళు బకెట్లతో వాటికే పోశాం. జూన్‌లో రెండు వానలు పడగానే గరిక తనంతట తానే లేచింది. పోయిన క్రోటన్ల చోట తోటమాలి మునగ కొమ్మలు నాటాడు. ఇప్పుడు బాలింతల వార్డు పప్పులోకి ఆకు అక్కడిదే. కొమ్మ కావలసినవారు అతన్ని అడిగితే చేయి పొడవున కోసి ఇస్తాడు. తొలకరి పడ్డాక రండి, ఎండల్లో నాటితే దానికి రోజూ బిందెడు నీళ్ళు పోయవలసి వస్తుంది.